తాటిబెల్లం రంగు

మండపేటలో రైసుమిల్లుల వీధి చివర ఉన్న సూర్యకళ మ్యాచింగ్ సెంటర్ తెలియని ఆడవాళ్ళు ఊళ్ళో లేరు. చూడబోతే నాలుగడుగుల గది. కానీ చీర తీసుకెళ్ళి సూర్యకళ చేతిలో పెడితే ఒక్కసారి అలా చూసి, వెనక అరలోంచి ఒకే ఒక తాను లాగేది. రెండో తాను లాగడం నేనెప్పుడూ చూడలేదు. అలాగని వెంటనే చించి ఇచ్చేది కాదు. చీరనీ ఆ తానునీ పట్టుకుని వీధిలోకి వచ్చి, ఎండలో పక్కపక్కన పెట్టి చూసుకుని మరీ చించేది.

"ట్యూబులైటు కింద అన్ని రంగులూ అబద్ధాలే ఆడతాయి వదినా," అనేది నాతో.

మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ. ఆవిడ భర్త గణేష్‌బాబుగారు మిల్లులో గుమస్తా. మాట తక్కువ మనిషి. అత్తగారు శ్యామలాంబగారు ఆ లోటు కూడా తనే తీర్చేసేది. వీళ్ళకి లేక లేక పుట్టిన పిల్ల సాయిదుర్గ. పిల్ల నలుపు. అలా ఇలా నలుపు కాదు, నిగనిగలాడే నలుపు. నానమ్మ రోజూ పెరట్లో కూర్చోబెట్టి శనగపిండితో తోమేది.

"మా వంశంలో ఎవరూ లేరమ్మా ఈ రంగు! ఎక్కణ్ణుంచి తెచ్చావే?" అనేది.

"ద్వారపూడి నుంచి తెచ్చాను, హోల్‌సేలుకి," అనేది పిల్ల తడుముకోకుండా. వాళ్ళమ్మ బట్టలు కొనేది ద్వారపూడిలోనే మరి. పక్కింట్లో నేను నవ్వాపుకోలేక చచ్చేదాన్ని.

ఒకసారి పిల్ల కొట్లో కూర్చుని అడిగింది: "అమ్మా, అందరి చీరలకీ మ్యాచింగ్ చూస్తావు కదా, నాకేది మ్యాచింగు?"

సూర్యకళ పిల్లని చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకొచ్చింది. ఎండలో నిలబెట్టి, మోచెయ్యి మీద ముక్క మీద ముక్క వేసి చూసింది. చివరికి ఆవపిండి రంగు దగ్గర ఆగింది. "నీది తాటిబెల్లం రంగే. దానికి ఇదే," అని ఆ తానులో పరికిణీ కుట్టించింది. ఆ పరికిణీతో ఓ పెళ్ళిలో నవ్వుతుంటే, చుట్టాలబ్బాయి ఎవరో డిజిటల్ కెమెరాతో ఫోటో తీసి సీడీలో వేసి ఇచ్చాడు. గణేష్‌బాబుగారు పిల్ల చదువుకని కొన్న పాత కంప్యూటర్లో తండ్రీకూతుళ్ళు ఆ ఫోటో వేసుకుని చూసుకునేవారు.

రెండు వేల నాలుగులో, వానాకాలం. పిల్లకి జ్వరం వచ్చింది. నాలుగు రోజులు, అంతే. అప్పుడు ఏడో క్లాసు.

దినానికి పెద్ద ఫోటో కావాలి కదా. గణేష్‌బాబుగారు సీడీ పట్టుకెళ్ళి స్టూడియోలో ఇచ్చారు. ఫ్రేము కట్టించి తెచ్చాక సూర్యకళ చూసి, "ఇదెవరి పిల్లండీ?" అంది.

నిజమే. మొహం గోధుమరంగులో ఉంది. పెదాలు గులాబీరంగు. వెనకాల నీలం తెర. స్టూడియో ఆయన్ని అడిగితే, "దండేసే ఫోటో కదండీ, కాస్త తెల్లగా ఉంటే కళగా ఉంటదని," అన్నాడు. మళ్ళీ తీసిచ్చాడు. మళ్ళీ అంతే. "నేనేం చెయ్యలేదండి, ల్యాబులో మిషనే అలా చేసేస్తది," అన్నాడు.

గోడ మీద ఆ తెల్లపిల్ల కూర్చుంది. ప్రతి శుక్రవారం శ్యామలాంబగారు తడిగుడ్డతో తుడిచి, బొట్టు పెట్టి, నీళ్ళోడుతున్న చేమంతి దండ వేసేది. సూర్యకళ ఆ గదిలోకి వెళ్ళడమే మానేసింది.

"వదినా, అది రోజురోజుకీ నాకు గుర్తు రాకుండా పోతోంది," అంది ఓ రోజు. "కళ్ళు మూసుకుంటే ఆ గోడ మీద పిల్లే కనిపిస్తోంది. నా పిల్ల రంగు నేను మర్చిపోతే ఇంక నాకేం మిగిలింది చెప్పు?"

ఇంట్లోనే ఫోటోలు తీసుకునే ప్రింటర్లు వచ్చాయని మిల్లులో ఎవరో గణేష్‌బాబుగారికి చెప్పారట. ఆయనకి సెలవు లేదు. నేనూ సూర్యకళా రాజమండ్రి బస్సెక్కాం, సీడీ జాకెట్టు ముక్కలో చుట్టుకుని.

కొట్టాయన పేరు విజయ్ పాల్. గోడ మీద శిలువ, మొహాన చిరునవ్వు, మర్యాదస్తుడు. నాలుగు ప్రింటర్లు వరసగా పెట్టి ఉన్నాయి. ఒకదాంట్లోంచి రామచిలకల బొమ్మ తీసి చూపించాడు.

"రంగులు చూడండమ్మా, ఎంత బాగా వచ్చాయో!"

"చిలకల్ని నేను దగ్గరగా ఎప్పుడు చూశానండీ, బాగా వచ్చాయో లేదో చెప్పడానికి? మా పిల్లనెయ్యండి," అంది సూర్యకళ.

నాలుగింట్లోనూ తీశాడు. ఒక్కొక్కటి పట్టుకుని సూర్యకళ కొట్టు బయటికి పోయింది, ఎండలోకి. నేనూ వెనకాలే. మొదటిది చూసి, "ఎర్రబారింది," అంది. రెండోది, "ఇదీ స్టూడియోవాడి తమ్ముడే." మూడోది కాసేపు చూసింది. "కడిగి కడిగి వెలిసిన జాకెట్టులా ఉంది. పిల్ల ఉంది గానీ, నిగనిగ లేదు."

నాలుగోది ఎండలోకి ఎత్తి పట్టుకుంది. రోడ్డు మీద ఆటోలు హారన్ కొడుతున్నా కదల్లేదు. బొటనవేలితో కాగితం అంచు నిమురుతూ నిలబడింది. నాకు కళ్ళు మసకబారాయి. అది సాయిదుర్గే.

లోపలికొచ్చాక విజయ్ పాల్ అడిగాడు: "పాప చక్కగా ఉందమ్మా. పుట్టినరోజు ఫోటోనాండి? ఆల్బమ్‌లో పెట్టుకుంటారా?"

నేను నోరు తెరిచాను. సూర్యకళ నా చెయ్యి నొక్కింది.

"ఆయ్. ఆల్బమ్‌కేనండి."

"ఎన్నో క్లాసు?"

"ఏడండి."

"ఆల్బమ్‌కయితే ఇంక ఆలోచించక్కర్లేదమ్మా, నాలుగోదే తీసుకోండి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, వారానికోసారైనా ఏదో ఒకటి తియ్యాలి. లేకపోతే ఇంకు ఎండిపోద్ది."

ప్రింటరు పెట్టె ఒళ్ళో పెట్టుకుని తిరిగొస్తుంటే బస్సులో అడిగాను, ఎందుకలా చెప్పావని. "ఇంతవరకూ ఆ మాట నా నోటితో అనలేదు వదినా," అంది కిటికీలోంచి చూస్తూ. "మీరంతా అన్నారు. నేను అనలేదు."

తెల్లపిల్ల గోడ దిగింది. అసలు పిల్ల ఎక్కింది. ఆ వారం సూర్యకళ కడుపునిండా అన్నం తింది. శ్యామలాంబగారు కూడా ఫోటో ముందు నిలబడి, "ఇదిగో, ఇప్పుడొచ్చింది నా నల్లపిల్ల," అని ముక్కు చీదింది.

మూడు శుక్రవారాలు గడిచాయి. నాలుగో శుక్రవారం పొద్దున్నే పక్కింట్లోంచి కేక వినిపించి పరిగెత్తాను.

దండలోంచి కారిన నీళ్ళు ఫ్రేము సందులోంచి అద్దం వెనక్కి దిగాయి. వారం వారం దిగుతూనే ఉన్నాయి. ఆ రోజు పెద్దావిడ దండ తీసి చూసేసరికి నుదురంతా ఊదారంగు చార. ఒక కన్ను చెంప మీదికి జారిపోయింది. ఆవపిండి రంగు పరికిణీ మీదికి నలుపంతా కారిపోయింది.

"ఎప్పుడూ వేసినట్టే వేశానమ్మా దండ," అంటోంది శ్యామలాంబగారు, తీసిన దండ ఇంకా చేతిలోనే పట్టుకుని. "మీ మావయ్య ఫోటోకి ఇరవయ్యేళ్ళ నుంచి ఇలాగే వేస్తున్నాను. దానికేం కాలేదే!"

"మీ తప్పు కాదత్తయ్యా," అంది సూర్యకళ. అద్దం విప్పబోతే కాగితం అద్దానికే అతుక్కుపోయి చిరిగింది.

మళ్ళీ రాజమండ్రి. ఈసారి ఆ చిరిగిన ముక్కతో. విజయ్ పాల్ చూసి, "నీళ్ళలో పడిందా అమ్మా?" అన్నాడు.

సూర్యకళ కౌంటరు అంచు గట్టిగా పట్టుకుంది. "దండలో నీళ్ళండి," అంది. "మా పిల్ల లేదండి. పోయింది. మొన్న వానల్లో."

ఆ మాట ఆవిడ నోట్లోంచి రావడం నేను మొదటిసారి విన్నది అక్కడే, కంప్యూటర్ల మధ్య. విజయ్ పాల్ మొహంలో చిరునవ్వు చచ్చిపోయింది. కుర్చీ తెచ్చి వేశాడు. మంచినీళ్ళిచ్చాడు.

"ముందే చెప్పుంటే ఇది ఇచ్చేవాణ్ణి కాదమ్మా. దీని ఇంకు నీళ్ళకి ఆగదు. మూడోదాని ఇంకు తడిసినా కదలదు. ప్రింటరు మార్చి ఇస్తాను, తీసుకెళ్ళండి. దండ వేసుకోవచ్చు, తుడుచుకోవచ్చు, ఏమీ కాదు."

మూడోదాంట్లో మళ్ళీ తీసిచ్చాడు. సూర్యకళ ఎండలోకి వెళ్ళింది. చాలాసేపు చూసింది. కొట్లో తను కోసే ప్రతి ముక్కనీ చూసినట్టే, అటు తిప్పీ ఇటు తిప్పీ. మళ్ళీ లోపలికొచ్చి ఆ కాగితం జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

"దగ్గరకొచ్చింది గానీ, ఇది మా పిల్ల కాదండి. మాకు నాలుగోదే ఉండనివ్వండి."

"మరి దండో అమ్మా?"

"దండే మానేస్తాం."

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పేసరికి శ్యామలాంబగారు లబలబలాడింది. "దండా బొట్టూ లేకుండా గోడకి పెడితే బతికున్న పిల్లనుకుంటారే జనం!"

"అనుకోనివ్వండత్తయ్యా."

ఆ వారం పెద్దావిడ చేమంతులు తెప్పించలేదు.

శుక్రవారం వస్తే ఇప్పుడు ఆ ఇంట్లో జరిగేది వేరు. ఇదివరకు దండ వేసే వేళకి గణేష్‌బాబుగారు కంప్యూటరు మీద గుడ్డ తీస్తారు. ఇంకు ఎండిపోకూడదు కదా. అరచేయంత ఫోటో ఒకటి తీస్తారు. ప్రింటరు కీచుకీచుమంటూ ముందు జుట్టు, తరవాత నుదురు, కళ్ళు, నవ్వు, మెల్లగా బయటికి తోస్తుంది. శ్యామలాంబగారు తలస్నానం చేసి, చేతులు పొడిగా తుడుచుకుని, దాన్ని అంచులతో పట్టుకుని ఆరేదాకా కదలకుండా కూర్చుంటుంది. ఆరాక సూర్యకళ వీధిలోకి తీసుకెళ్ళి, ఎండలో చూసి, తెచ్చి ఆల్బమ్‌లో పెడుతుంది. ఆ ఆల్బమ్ ఓసారి తిరగేశాను. పేజీ పేజీకీ సాయిదుర్గే. అదే పరికిణీ, అదే నవ్వు. రెండో ఆల్బమ్ మొదలుపెట్టి కూడా చాలా రోజులైంది.

మళ్ళీ తీసిన పెద్ద ఫోటో ఇప్పుడు కొట్లో ఉంది, ఎండ తగలని గోడకి. మొన్నామధ్య కపిలేశ్వరపురం నుంచి ఒకావిడ పెళ్ళిచీరలు తెచ్చింది. తల పైకెత్తి చూసి, "మీ అమ్మాయాండి? ఆ పరికిణీ రంగు ఒంటికి భలే నప్పిందండి. ఏ క్లాసు?" అంది.

చేతిలో చీరతో సూర్యకళ వీధిలోకి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది. ఉండుంటే ఈపాటికి కాలేజీ పిల్ల.

"ఏడండి," అని ఎండలోకి నడిచింది.