పదహారు నీడలు

మా తోడికోడలు ట్యూబ్‌లైట్ ఆర్పేసి పని చేస్తుంది. దీని మీద నేను ఆవిడతో పోట్లాడని వారం లేదు. కౌంటర్‌లో కూర్చునేది నేను. కొనడానికి వచ్చినవాళ్ళు కరెంటు పోయిందనుకుని గుమ్మంలోంచే వెనక్కి తిరిగితే మాట పడేదీ నేనే. ఆవిడకు చీమ కుట్టినట్టయినా ఉండదు. టేబుల్ లైటును బల్ల మీద అడ్డంగా పడుకోబెట్టి, పాడైన గ్రాఫిక్స్ కార్డును దాని ముందు పెట్టి, కళ్ళు చికిలించుకుని చూస్తుంది. పైనుంచి వెలుతురు పడితే అన్నీ ఉన్నట్టే కనిపిస్తాయట, పక్కనుంచి పడితే ఊడిపోయిన ముక్క దొరికిపోతుందట.

"నీడ లేదంటే అక్కడ సరుకు లేదన్నమాటే," అంటుంది. పదిహేనేళ్ళుగా వింటున్నాను ఈ మాట.

మాది కంప్యూటర్ సామాన్ల దుకాణం. పొడుగు బాగానే ఉంటుంది గానీ వెడల్పు మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదగాల్సిందే. యజమాని మా మామగారు. మా ఆయన, బావగారు బయటి పనులు చూస్తారు. వెనకాల రిపేరు బల్ల అక్కయ్యది, అదే మా తోడికోడలిది. పెళ్ళై వచ్చిన కొత్తలో ఆవిడకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం కూడా రాదు. ఒకసారి వానకు తడిసిన కార్డును బావగారు చెత్తబుట్టలో వేయబోతే చేతిలోంచి లాక్కుని, నాలుగు రోజులు దాంతో కుస్తీ పట్టి బతికించింది. అంతే, ఆ పిచ్చి పట్టుకుంది. బతకని కార్డులు కూడా పారేయనివ్వదు. వెనక గోడ నిండా మేకులకు వేలాడదీసి, ఏ ఏడాదివి ఆ ఏడాది వరుసలో ఉంచుతుంది.

ఆ బల్లకే గండం వచ్చింది. "రిపేర్లకు వచ్చేవాళ్ళు తగ్గిపోయారు, అక్కడ అద్దాల బీరువా పెట్టి ఖరీదైన కార్డులు వరుసగా నిలబెడదాం," అన్నారు మామగారు. వడ్రంగిని పిలిపించి కొలతలు కూడా తీయించారు. వాడు గోడ మీద పెన్సిల్‌తో రెండు గీతలు గీసి పోయాడు. అక్కయ్య ఆ గీతల కిందే కూర్చుని పని చేసుకుంటూ పోయింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది, ఆ సాయంత్రం గల్లాపెట్టెను రెండుసార్లు దడాలున మూశాను.

అదే నెలలో మా వీధంతా ఒకటే గోల. పెద్ద కార్డులు చేసే కంపెనీలు రెండు. అట్టపెట్టె రంగును బట్టి మేం ఊదా వాళ్ళు, పసుపు వాళ్ళు అంటాం. ఊదా వాళ్ళ కొత్త పెద్ద చిప్పు వచ్చే నెలలో విడుదల. అది ఎంత పెద్దది, ఎంత కరెంటు తాగుతుంది, పసుపు వాళ్ళు పోటీకి దిగుతారా, తోక ముడుస్తారా? టీ కొట్టు దగ్గర ఇదే, మెట్ల మీద ఇదే. పక్క షాపాయనకు లీకుల బాబాయ్ అని పేరు. "నాకు లోపలి నుంచి సమాచారం," అంటాడు. ఆయన లోపల అంటే మనందరి చేతుల్లోనూ ఉన్న ఫోనే.

ఒక మధ్యాహ్నం ఆయన ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఊదా వాళ్ళ కొత్త కార్డు బోర్డు ఫోటో ఎవరో బయటపెట్టారు. ఫ్యాను లేదు, చిప్పు లేదు, ఒట్టి బోర్డు. మధ్యలో చిప్పు కూర్చునే చోటు, దాని చుట్టూ చిన్న చదరపు బిళ్ళలు. చిప్పుకు కరెంటు అందించేవి ఆ బిళ్ళలే. ఎన్ని ఉంటే అంత ఆకలి.

"ఇరవై నాలుగు," అన్నాడు బాబాయ్ మా మామగారితో. "ఇప్పుడున్న పవర్ డబ్బాలు దీనికి ఆనవు బావా. పెద్దవి కావాలి, వాటికి తగ్గ క్యాబినెట్లూ కావాలి. నేను నలభై సెట్లు చెప్పేశాను. పసుపు వాళ్ళ పని అయిపోయినట్టే."

అప్పుడే యానిమేషన్ స్టూడియో మేడమ్ కౌంటర్ దగ్గర ఉంది. కొత్త కార్డుతో ఇరవై మిషన్లు మా దగ్గరే కట్టించుకుంటోంది. మామగారి మొహం వాడిపోయింది. ఆ మిషన్లకు కరెంటు ఇవ్వడానికి మేం కొని పెట్టిన పవర్ డబ్బాలు మామూలువి.

"ఓసారి ఇటివ్వండి బాబాయ్," అంది అక్కయ్య. ఫోటోను పెద్దది చేసి చాలాసేపు చూసింది. ఆ ఫోటో ఎవరో కిటికీ పక్కన తీసినట్టున్నారు, వెలుతురు ఒక వైపు నుంచే పడుతోంది.

"ఇవి పదహారే."

"నాకు లెక్కలు రావంటావా అమ్మా?"

"వచ్చు బాబాయ్. మీరు గళ్ళు లెక్కపెట్టారు, నేను నీడలు లెక్కపెట్టాను. ఈ ఎనిమిదింటికీ నీడ లేదు. ఒట్టి చోట్లు, పైన సీసం పూత మెరుస్తోందంతే. ఇల్లు కట్టేటప్పుడు పై అంతస్తు కోసం చువ్వలు వదిలేస్తాం కదా, అలా వదిలారు. మన డబ్బాలు చాలు."

బాబాయ్ పకపకా నవ్వాడు. "ప్రపంచమంతా ఒకటి చెబుతుంటే నువ్వొక్కదానివే ఇంకోటి చెబుతావా?"

మామగారు ఇబ్బందిగా కదిలారు. "అమ్మాయ్, ఇది ఆషామాషీ కాదు. ఆర్డరు పోతుంది."

"నా మాట తప్పయితే బల్ల నేనే ఖాళీ చేస్తాను మావయ్యా. వడ్రంగి కోసం కూడా చూడక్కర్లేదు," అంది అక్కయ్య. మేడమ్ బాబాయ్‌నీ అక్కయ్యనీ మార్చి మార్చి చూసి, "మా పాత కార్డులు బాగుచేసింది ఈవిడే కదా? అయితే ఈవిడ చెప్పినట్టే కానివ్వండి," అంది.

ఆ మూడు వారాలు వీధిలో మా పరువు గంగలో కలిసింది. కనిపించినవాళ్ళల్లా "మీ నీడలు బాగున్నాయా?" అని పలకరింపు. అక్కయ్య నవ్వి ఊరుకునేది. నేను మాత్రం ఒక్కొక్కరినీ కడిగిపారేశాను. ఇంటికొచ్చాక నాకూ భయం వేసేది, ఆవిడ చూసింది సరైనదేనా అని.

విడుదల రోజు సాయంత్రం మా దుకాణంలో పెద్ద తెర ముందు అంతా చేరారు. ఊదా కంపెనీ ఆయన కార్డు చూపించి, ఏవేవో గొప్పలు చెప్పి, చివరికి ఫ్యాను మూత ఎత్తాడు. నేను కౌంటర్ దాటి తెర దగ్గరికి వెళ్ళి, వేలు పెట్టి పైకే లెక్కపెట్టాను. పద్నాలుగు, పదిహేను, పదహారు. మిగతా ఎనిమిది చోట్లు ఖాళీగా మెరుస్తున్నాయి. తెర కింద దీనికి కావలసిన పవర్ డబ్బా కొలత పడింది. మేం కొన్నదే.

మేడమ్ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది, తర్వాత మామగారు కొట్టారు, తర్వాత వీధి వీధంతా. నేను అక్కయ్యను వాటేసుకుని ఏడ్చేశాను, సిగ్గు కూడా వేయలేదు. "ఇన్నాళ్ళూ లైటు కోసం నన్ను తిట్టినదానివి," అంది ఆవిడ నా చెవిలో. ఆవిడ కళ్ళూ తడిగానే ఉన్నాయి.

సోమవారం వడ్రంగి రంపంతో వచ్చాడు. మామగారు తడిగుడ్డతో గోడ మీది గీతలు తనే తుడిచి, బల్లను ఇంకో మూరెడు పొడిగించమన్నారు. ఇంతలో బాబాయ్ గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, పసుపు వాళ్ళ బోర్డు ఫోటో వచ్చింది. నేనింకా ఎవరికీ ఏమీ చెప్పలేదు. ముందు నువ్వు చూస్తావేమోనని."

అక్కయ్య చేయి చాపింది. ఆవిడ లేవక ముందే మామగారు వెళ్ళి ట్యూబ్‌లైట్ ఆర్పేశారు. ఆ క్షణంలోనే ఎవరో కుర్ర జంట గుమ్మం దాకా వచ్చి, లోపల చీకటి చూసి వెనక్కి తిరిగారు.

"కరెంటు ఉందండీ, రండి," అని కేకేశాను. "మా అక్కయ్య పని చేస్తోంది."