మదనపల్లె నుంచి మా అత్త గడప దాకా

ఎనభైల మొదట్లో ఒక వేసవిలో మదనపల్లె నుంచి కుప్పం దాకా బస్సులో వెళ్లాను. అంతకు కొన్ని వారాల ముందు నా భార్య రత్నమ్మ మదనపల్లె ఆసుపత్రిలో పోయింది. కాలు విరిగి మంచంలో ఉన్న వాళ్లమ్మ చివరిచూపుకు రాలేకపోయింది. తర్వాత మా బావమరిది నారాయణప్ప కబురు పంపాడు. అమ్మ సరిగా తినడం లేదు, చివర్లో బిడ్డ తనను అడిగిందా లేదా అని అదే ధ్యాస, ఆ గదిలో ఉన్నది నువ్వొక్కడివే కాబట్టి వచ్చి చెప్పమన్నాడు.

చెప్పడానికి ఒక అడ్డంకి ఉంది. పెళ్లయిన నాటి నుంచి మా అత్త నాతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ఇళ్లలో అత్త అల్లుడి ఎదుటికి రాదు. తలుపు చాటు నుంచి కూతురికి చెబుతుంది, కూతురు అల్లుడికి చెబుతుంది. నేను కాలేజీలో మానవశాస్త్రం చెప్పేవాణ్ణి. ఈ మర్యాద మీద ఏటా ఒక పాఠం ఉండేది. గొడవలు రాకుండా సమాజం ఇద్దరి మధ్య కట్టిన గోడ ఇది అనేవాణ్ణి. మాట మోసే మనిషి పోతే ఏం చేస్తారో ఆ పాఠంలో లేదు. మాకు పిల్లలు లేరు.

మదనపల్లెలో తెల్లవారుతూనే బస్సు ఎక్కడం మంచిది. పొద్దెక్కితే నిలబడే చోటు కూడా దొరకదు. పుంగనూరులో బస్సు ఆగినంతసేపట్లో ఇడ్లీ తిని టీ తాగవచ్చు, అప్పట్లో రెండూ కలిపి రూపాయి లోపే. నేను టీ మాత్రం తాగాను. అక్కడ చింతపండు వ్యాపారి ఒకాయన ఎక్కి, మూట కాళ్ల కిందికి తోసి నా పక్కన కూర్చున్నాడు.

"యాడికప్పా?"

"కుప్పం అవతల. అత్తగారిల్లు."

"ఒక్కడివే పోతాండావే? ఆయమ్మ యాడ?"

"ముందే పోయింది."

ఆయన గట్టిగా నవ్వాడు. "మా ఇంట్లోదీ అంతే. పుట్నిల్లంటే సాలు, మొగుణ్ణి మూటలకు కాపలా పెట్టి ముందే ఉరుకుతాది. అలిగి పోయినాదా ఏమి?"

"లేదు."

"అయితే అదృష్టవంతుడివిలే. పోయి కడుపునిండా తిను."

నేను సరిదిద్దలేదు. పలమనేరు దాకా ఆయన తన భార్య అలకలే చెప్పాడు. ఒళ్లు అలిసి ఉంది, కళ్లు మూతలు పడుతున్నాయి. అయినా ఆపమనాలనిపించలేదు.

పలమనేరు తర్వాత వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. దారంతా ఎండిన చేలు, బండరాళ్లు. నారాయణప్ప బస్టాండు దగ్గరే టమోటా గంపలతో ఉన్నాడు.

"నువ్వు పోతాండు బావా. నేను ఇవి అమ్మి సీకటికి వస్తా. అమ్మ ఒకతే ఉండాది."

"ఎట్లా చెప్పేది నారాయణప్పా? ఆమె నాతో మాట్లాడదు గదా."

"అదీ నిజమే," అన్నాడు. కాసేపు గంపలు సర్దాడు. "నేనెంత సెప్పినా నమ్మల్యా బావా. నువ్వాడ లేవు గదరా అంటాది."

గుడుపల్లె వైపు జట్కాలో వెళ్లి, మిగిలిన దూరం నడిచాను. నడవలో చాప వేసి ఉంది. వంటింటి తలుపు ఓరగా ఉంది. కూర్చున్నాక గడప మీదుగా ఒక కంచం ఇవతలికి జరిగింది. రాగి సంగటి, వేరుశనగ ఊరుబిండి పచ్చడి. చెయ్యి మాత్రమే కనిపించింది. బాగా చిక్కిపోయిన చెయ్యి.

తింటున్నాను. లోపలి నుంచి మాట వచ్చింది.

"రత్నా, ఆయప్పను ఇంగో ముద్ద ఏసుకోమను మే."

అలవాటు. అనేశాక ఆమెకు తెలిసింది. ఊతకర్ర నేల మీద పడిన చప్పుడైంది. నేను ఊరుకుంటే ఆమె ఇక నోరు విప్పదని అర్థమైంది. రత్న ఎప్పుడూ కూర్చునే చోటు, గడప పక్కన గోడవార, అటు చూశాను.

"రత్నా, సాలని మీ అమ్మకు చెప్పు."

చాలాసేపటికి లోపలి నుంచి సన్నగా వినిపించింది.

"ఏమే రత్నా, ఆకర్న నన్ను అడిగినావా?"

"అమ్మ కాలు ఎట్లుండాదని అడిగినావని చెప్పు. మళ్లీ అడిగినావని చెప్పు. తొందరపడి మంచం దిగొద్దని చెప్పమన్నావు, అదీ చెప్పు."

"దిగినాలే. నడస్తాండానని సెప్పు మే."

కాసేపటికి తలుపు వెనక ఇంకో కంచం జరిగిన చప్పుడైంది. ఆమె తినడం నాకు కనిపించలేదు. వినిపించింది.

మరుసటి ఏడు ఆ పాఠం చెప్పినప్పుడు గోడ అనే మాట తీసేశాను. దాని బదులు ఏం చెప్పాలో తోచలేదు. ఆ రోజు మా ఇద్దరికీ మధ్యలో ఒక మనిషి కావలసి వచ్చింది. ఎవరూ చెప్పకుండానే ఇద్దరం రత్ననే కూర్చోబెట్టుకున్నాం. కుటుంబం గురించి నాకు తెలిసింది అంతవరకే.

ఆ వైపు వెళ్లేవారికి ఒక మాట. పల్లెల నుంచి సాయంత్రం కుప్పానికి తిరిగి వచ్చే బండి దొరుకుతుందని నమ్ముకోకండి. రాత్రికి ఉండేట్టు ఒక పంచె సంచిలో పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు. పొద్దు గుంకాక గడప మీదికి ఉతికిన పంచె ఒకటి జరిగింది. "రత్నా, ఇది ఇయ్యి మే," అని వినిపించింది.