వంటింటి గోడకు మూడున్నర అడుగుల ఎత్తున

నా ఇంటి గేటు ముందు కారాపి నేనే హారన్ కొడతాను. రెండుసార్లు, పొట్టిగా. లోపల ఎవరూ లేరని తెలుసు, అయినా చెయ్యి ఆగదు. తర్వాత దిగి నేనే గేటు తీసుకుంటాను. మొన్నొకసారి ఎదురింటావిడ పాపం పరుగున వచ్చి తీసింది. థ్యాంక్స్ చెప్పాను గానీ సిగ్గుతో చచ్చిపోయాను.

పద్మారావు నగర్‌లోని ఈ ఇంట్లో అక్కా నేనూ ఇద్దరమే ఉండేవాళ్లం. ఇద్దరం టీచర్లం, ఇద్దరమూ పెళ్లి చేసుకోలేదు. నాకు డ్రైవింగ్ వచ్చు, ఆమెకు రాదు. కాబట్టి నేను హారన్ కొట్టడం, ఆమె వంటింట్లోంచి వచ్చి గేటు తీయడం. వానొచ్చినా అంతే. ఆలస్యమైతే మళ్లీ కొట్టేదాన్ని. "వస్తున్నానే మహాతల్లీ! చెవులు బాగానే ఉన్నాయి, మోకాళ్లే బాగాలేవు" అని లోపల్నించే అరిచేది.

ఒక్కసారి మాత్రం అడిగింది. చర్చి నుంచి వస్తూ మెట్టుగూడలో ఎవరింటి గేటో దానంతటదే తెరుచుకోవడం చూసి, "మనమూ అలాంటిది పెట్టించుకుందామే" అంది. "పది అంగలు వేయడానికి మోటారా? ఎక్సర్‌సైజ్ అనుకో" అన్నాను. మళ్లీ అడగలేదు. ఆమె పోయి ఎనిమిది నెలలైంది. ఆ మాట తలుచుకుంటే నా నోటి మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఈమధ్య డ్రైనేజీ పైపు పగిలి, గేటు నుంచి మెట్ల దాకా సిమెంటు బాటంతా తవ్వాల్సి వచ్చింది. మేస్త్రీ వెంట వచ్చిన ఎలక్ట్రీషియన్ ఆ గోతులు చూసి, "కాంక్రీటు పోయకముందే ఖాళీ పైపులు ఏసి పెట్టుకోండ్రి అమ్మా. గేటుకు మోటర్లు ఎప్పుడన్న పెట్టుకోవచ్చు. లేకుంటే రేపు ఇదంత మళ్ల పగలగొట్టాలె, ఉత్త పరేషాన్" అన్నాడు.

లెక్కల టీచర్ని, ఊరుకుంటానా? గ్రాఫ్ పేపర్ తీసి మూడు రోజులు గీశాను. కరెంటుకు ఒక పైపు. కారు అడ్డముంటే గేటు మూసుకోకుండా చూసే సెన్సర్ల వైర్లకు వేరే పైపు, ఆ రెండూ కలవకూడదట. గేటుకు రెండు రెక్కలు కాబట్టి అవతలి స్తంభానికి బాట కిందుగా మరొకటి. వంటింట్లోంచి గేటు తీసే స్విచ్చుకు ఇంకొకటి. మలుపులు గుండ్రంగా ఉండాలి. తర్వాత వైర్లు లాగడానికి ప్రతి పైపులో సన్నటి ఇనప తీగ వదిలిపెట్టాలి. అన్నీ అతన్ని అడిగి అడిగి రాసుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ మూడు రోజులూ నాకు హాయిగా గడిచాయి. మాట్లాడటానికి ఇంట్లో ఒక మనిషి ఉన్నాడు, ఒక విషయం ఉంది.

నాలుగో రోజు కాగితం అతని చేతిలో పెట్టాను. "డ్రాయింగ్ జబర్దస్త్‌గున్నదమ్మా" అని మెచ్చుకుని, ఒకచోట వేలు ఆపాడు. "వంటింట్ల గీ స్విచ్చేంది, మూడున్నర ఫీట్లకే పెట్టిన్రు? మేం నాలుగున్నరకు పెడ్తం. ఇంట్ల చిన్నపిల్లలున్నరా?"

"లేరు."

"మరి?"

మరి ఏమిటో అప్పుడు చూశాను. భుజం బిగుసుకుపోయాక అక్క చెయ్యి పైకి లేచేది కాదు. ఆమె వాడే స్విచ్చులన్నీ అంత కిందికి దింపించాం. హారన్ వినగానే పొయ్యి దగ్గర్నించి కదలకుండా నొక్కేలా, సరిగ్గా ఆమె చేతికందేలా గీశాను. కొలతలో వెంట్రుకవాసి తేడా లేదు. నొక్కే మనిషి లేదన్న సంగతే మర్చిపోయాను. మూడు రోజులు!

"గీసినట్టు పెట్టవయ్యా, నీకెందుకు?" అని కసిరాను. అతను నొచ్చుకోలేదు. ఇంట్లో ఇంకెవరున్నారని మెల్లగా అడిగాడు. మా అక్క ఉండేదని, ఆమెకు చెయ్యి పైకి లేచేది కాదని చెప్పాను.

"అయితే గట్లనే ఉండనియ్యుండ్రి" అన్నాడు. "రేపు మీకు సుత చెయ్యి లేవకపోవచ్చు. ఎవరన్న వస్తే లోపల్నుంచి మీరే గద తియ్యాలె."

ఇన్నేళ్లూ నా లెక్కలో నేను బయట, అక్క లోపల. ఇప్పుడు లోపలుండేది నేనే. ఎవరన్నా వస్తేనట! ఎవరొస్తారు నా కోసం?

కాంక్రీటు పోసి, వారం పాటు తడిపారు. వెళ్తూ వెళ్తూ ఎలక్ట్రీషియన్ ఒక పని చెప్పాడు. "పైపులకు సిమెంటు పాలు దిగినయో లేవో జెర చూస్కోండ్రి. వంటింట్ల ఒకరు తీగ లాగాలె, గేటు కాడ ఒకరు నిలబడి కొస కదులుతున్నదా అని చూడాలె." సరేనన్నాను.

ఈ ఉదయం వంటింటి గోడలో స్విచ్చు కోసం వదిలిన ఖాళీ డబ్బాలోంచి తీగ కొస పట్టుకుని లాగాను. "కదిలిందా?" అని గేటు వైపు అరిచాను. అరిచాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు.

ఎదురింటావిడను పిలవచ్చు. పిలవలేదు. లాగాను, గేటు దాకా వెళ్లి చూశాను, తిరిగొచ్చి మళ్లీ లాగాను. లాగేటప్పుడు చూడలేను, చూసేటప్పుడు లాగలేను. నాలుగోసారికి అలవాటు కొద్దీ అంగలు లెక్కపెట్టడం మొదలైంది. పొయ్యి దగ్గర్నించి గేటుకు ముప్పై నాలుగు. అక్క అంగలు నావాటిలో సగం ఉండేవి. ఆ మోకాళ్లతో, రోజూ, నేను కారులో కూర్చుని రెండో హారన్ కొడుతుంటే. పది అంగలే అన్నాను అక్కతో.