చెమట మొక్కు

వానకు తడిసిన గొంగడి వాసన ఇప్పుడు ఎక్కడో గాని తగలదు. పోయిన నెల ఒక వార్త పని మీద ఔటర్ రింగ్ రోడ్డు పక్కదారిలో వెళుతుంటే జల్లు పట్టుకుంది. నేను వంతెన కింద స్కూటీ ఆపుకుని నిలబడ్డ చోటికే గొర్రెలను తోలుకొచ్చిన ఒక ముసలాయన భుజం మీది గొంగడిని దులిపాడు. ఉన్నీ, మట్టి, పొయ్యి పొగ కలిసిన ఆ వాసన లేచింది. అంతే, నేను పదో తరగతి లెక్కల పరీక్ష రాసి ఇంటికొచ్చిన మధ్యాహ్నంలోకి వెళ్లిపోయాను. చంకలో పరీక్ష అట్ట, వేళ్లకు సిరా, వాకిట్లో కాళ్లు కాలే ఎండ. చెప్పులు విడవకముందే లోపలి నుంచి నానమ్మ పిలిచింది.

"బిడ్డా, జల్ది రా. తమ్మునికి చెమట పడ్తుంది."

నులక మంచం మీద నా తమ్ముడు అఖిల్ గడ్డం దాకా నల్ల గొంగడి కప్పుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు. నుదుటి మీద, ముక్కు పక్కన, పై పెదవి మీద నీటి బొట్లు. నానమ్మ మంచం పట్టె మీద కూర్చుని, వాటిని తుడవడానికి కూడా మనసు రాక, చూస్తూ ఉంది. పొద్దుటి నుంచి ఒళ్లు కాలిపోతుంటే ముందు తడిగుడ్డ వేశానని, దిగకపోతే గొంగడి కప్పానని, ఇప్పుడిప్పుడే చెమట పట్టిందని చెప్పింది. నేను గొంగడి తీయబోతే నా చెయ్యి పట్టుకుంది.

"జర ఆగు. ఇంకింత పట్టనీ. చెమట పడితే జ్వరం దిగుతది."

నేను ఆగాను.

అఖిల్‌కు అప్పటికి ఎనిమిదేళ్లు. ఆ ఎనిమిదేళ్లలో వాడికి చెమట పట్టగా మాలో ఎవరూ చూడలేదు. ఎండాకాలం వస్తే మిగతా పిల్లల మెడలు, వీపులు చెమటతో మెరుస్తుంటే వీడి ఒళ్లు పొడిగా, పెనం అడుగులా వేడిగా ఉండేది. నెలల పిల్లవాడిగా ఉన్నప్పుడే ఏ కారణమూ లేకుండా జ్వరాలొచ్చేవి, సాయంత్రం గాలి తిరిగితే వాటంతట అవే పోయేవి. నొప్పి కూడా వాడికి తెలిసేది కాదు. పళ్లు వచ్చిన కొత్తలో తన నాలిక తానే కొరుక్కుని నోరంతా రక్తంతో నవ్వాడని అమ్మ చెప్పేది. ఐదేళ్లప్పుడు మడమ ఎముక విరిగితే మూడు రోజులు దాని మీదే నడిచాడు. కాలు గుమ్మడికాయలా వాచాక గాని మాకు తెలియలేదు. ఏడుపు మాత్రం అందరిలాగే వచ్చేది. మేం తిడితే ఏడ్చేవాడు, దెబ్బ తగిలితే కాదు. గోలీలు పందెం పెట్టి వాడి అరచేతిలో రేగుముల్లు గుచ్చి చూసే గల్లీ పిల్లలను నేను తరిమి తరిమి కొట్టేదాన్ని. వాడు మాత్రం గెలిచిన గోలీలు జేబులో గలగలలాడించుకుంటూ, "నాకేం గాలే అక్కా, ఎందుకు గొడ్తవ్ వాళ్లను" అని నన్నే అడిగేవాడు.

శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన ఏడు వాడికి నాలుగేళ్లు. మా జొన్నచేను, దాని గట్టు మీది రెండు ఈత చెట్లు విమానాశ్రయం గోడ లోపల ఎక్కడో రన్‌వే కిందకు పోయాయి. బాపు అదే గోడ లోపల పచ్చిక బయళ్లకు నీళ్లు పట్టే పనిలో చేరాడు. అమ్మ తెల్లవారుజామున చీకటితోనే మల్లెతోటల్లో పూలు కోయడానికి వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేది. వచ్చినప్పుడు ఆమె చీర కొంగుకు, వేళ్ల సందులకు మల్లెల వాసన పట్టుకుని ఉండేది. ఆ వాసన అంటే నాకు ఆకలి, ఎందుకంటే ఆమె వచ్చాకే అన్నం. కొట్టంలో ఎడ్లు లేకుండా పోయాయి గాని అవి నీళ్లు తాగే సిమెంటు గోళెం మిగిలింది. మార్చి నుంచి జూన్ దాకా మా తమ్ముడి ఇల్లు ఆ గోళెమే. మెడ దాకా నీళ్లలో కూర్చుని, తల మీద తడి తువ్వాల వేసుకుని, వచ్చే విమానాల తోకల రంగులు గట్టిగా చదివేవాడు. వాడు ఎర్రది అంటే ఎర్రది, నీలిది అంటే నీలిది. మేం గోళెం చుట్టూ చేరి ఈతపండ్లు తింటూ గింజలు నీళ్లలోకి ఉమ్మేవాళ్లం, తాటిముంజలు బొటనవేలితో తోడి ఆ నీళ్లు వాడి ముఖాన చల్లేవాళ్లం. బడిలో తడి చొక్కాతోనే కూర్చునేవాడు. వాడి బెంచీ కింద ఎప్పుడూ చిన్న మడుగు ఉండేది.

అమ్మకు అన్న, మా మామ, కాటేదాన్‌లో ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఏప్రిల్, మే నెలల్లో రోజు విడిచి రోజు సగం ఐసు దిమ్మెను ఊక చల్లిన గోనెసంచిలో చుట్టి మోపెడ్ మీద తెచ్చేవాడు. వెనక సీటు మీద ఆ మూటను వాటేసుకుని మామ కొడుకు శ్రీను బావ కూర్చునేవాడు. ఇల్లు చేరేసరికి బావ చొక్కా ముందు భాగమంతా నీళ్లు కారేది, మోపెడ్ వెంట దుమ్ములో తడి గీత పడేది. ఆ గీత పట్టుకుని పిల్లలు వెంటబడేవాళ్లు. "ఐసుగడ్డ, ఐసుగడ్డ" అని మా తమ్ముణ్ని ఎక్కిరించిన నోళ్లే ఆ పూట ముక్క కోసం "అఖిలన్నా" అనేవి. వాడు గోళెంలోంచి లేవకుండానే, ఎవరికెంత ముక్కో పెద్దమనిషిలా చేత్తో చూపించి పంచేవాడు.

ఇక నానమ్మ. ఆమె మాకు నానమ్మ, మా అమ్మకు అమ్మమ్మ. తన కూతురి బిడ్డను తన కొడుక్కే చేసుకుంది. అందుకే మా అమ్మ ఆమెను ఒక్కనాడూ అత్తా అనలేదు, అమ్మమ్మా అనే పిలిచేది. ఇంట్లో అత్తాకోడళ్ల పోరు లేదని, బయటి పిల్ల వస్తే ఇట్లా ఉండేదా అని నానమ్మ బతుకమ్మ ఆడుకునే చోట గర్వంగా చెప్పుకునేది. సద్దుల బతుకమ్మ నాడు ఆమె రొట్టె నలిపి కలిపే మలీద ముద్దల్లో బెల్లం మిగతా ఇళ్లకంటే ఎక్కువ. తంగేడు పూలకు నన్ను తీసుకుపోయినప్పుడు కూడా కొంగులో ఒక ముద్ద అఖిల్‌కు అని దాచేది. వాడికి చెమట పట్టకపోవడమే జబ్బు అని, అది పడితే మిగతావన్నీ సర్దుకుంటాయని ఆమె నమ్మకం. శొంఠి, మిరియాలు కాచి తాగించేది. ఒకసారి పచ్చిమిరపకాయ కొరికించింది. వాడు మిఠాయి తిన్నట్టు నమిలి ఇంకోటి అడిగాడు. ఏది చేసినా కాకపోతే ఊరి పోచమ్మకు మొక్కింది: మనుమనికి చెమట పట్టిన ఏడు బోనమెత్తుతా అని.

మడమ విరిగిన ఏడే వాణ్ని పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. నేనూ వెళ్లాను. ఒక యువ డాక్టరు వాడి వీపుకు అయోడిన్ పూసి, పైన తెల్లటి గంజిపొడి చల్లి, వేడి దీపం కింద కూర్చోబెట్టాడు. పోల్చడానికి బాపు ముంజేతికి కూడా అదే పూశాడు. కాసేపటికి బాపు చేతి మీద చెమట పట్టిన చోటల్లా ఊదా రంగు చుక్కలు పూశాయి. అఖిల్ వీపు తెల్లగానే ఉంది. డాక్టరు వాణ్ని దీపం కింద నుంచి త్వరగా లేపి, ఫ్యాను కింద పడుకోబెట్టి, అమ్మను, బాపును మీరిద్దరూ చుట్టాలా అని అడిగాడు. "మా మామనే చేసుకున్న సార్" అంది అమ్మ. ఆయన, చెమటను, నొప్పిని, ఒంటి వేడిని నడిపించే సన్న నరాలు ఈ పిల్లవాడికి తల్లి కడుపులోనే తయారు కాలేదని, ఒకే వంశంలోని లోపం రెండు వైపుల నుంచీ వచ్చి కలిస్తే ఇలా జరుగుతుందని, మందు లేదని, చల్లగా ఉంచడమే వైద్యమని చెప్పాడు. ఎండ తగలనివ్వొద్దు. జ్వరమొస్తే తడిపి గాలి తగలనివ్వాలి, ఏమీ కప్పకూడదు.

బస్సు దిగి ఇంటికి నడుస్తూ అమ్మా బాపూ మాట్లాడుకున్నది నాకు గుర్తుంది. ఎందుకు వచ్చిందో నానమ్మకు చెప్పొద్దనుకున్నారు. చెబితే ఆ ముసలి ప్రాణం నిలవదన్నది అమ్మ. అందుకని ఆ సాయంత్రం బాపు ఆమెతో, వానికి ఎండ తగలొద్దట, నీళ్లల్ల ఉంచాలెనట అని మాత్రం అన్నాడు. దాచాల్సిన మాట పక్కనే ఉన్న మాటలు కూడా కొన్ని దాగిపోయాయి. కప్పొద్దు అన్నది వాటిలో ఒకటి.

నేను ఆ మధ్యాహ్నం ఎంతసేపు ఆగానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. కప్పొద్దని డాక్టరు అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. కానీ ఆయన చెప్పిన మాట చెమట పట్టని పిల్లవాడికి గదా, వీడికి పట్టింది గదా అనుకున్నాను. చున్నీ కొసతో వాడి పెదవి మీది బొట్టు తుడిచాను, సంతోషంతో. చెమట ఉప్పగా ఉంటుందని తెలియని వయసు కాదు. ఒక్క బొట్టు నాలికకు తగిలించుకుని ఉంటే తెలిసేది. తలగడ పక్కన నీళ్లు పిండీ పిండని తడిగుడ్డ పడి ఉంది. దాన్ని చూశాను గాని, రెండింటినీ కలిపి ఆలోచించలేదు.

మల్లెల వాసనతో అమ్మ వచ్చింది. గడప దగ్గరి నుంచే గొంగడి చూసింది. దాన్ని లాగి అవతల పారేసి, వాణ్ని ఎత్తుకుని పోయి గోళెంలో దించింది. నీళ్లు తగిలాక వాడికి ఫిట్స్ మొదలయ్యాయి. ఆటోలో దవాఖానకు వెళ్లేదాకా అమ్మ వాడి మీద చెంబుతో నీళ్లు పోస్తూనే ఉంది. మూడో రోజు పొద్దున పోయాడు.

దవాఖాన వరండాలో డాక్టరు బాపుతో అన్న మాటలు బెంచీ మీద కూర్చున్న నాకు వినబడ్డాయి. జ్వరం ఎలా వచ్చినా, కప్పడంతో లోపలి వేడి బయటికి పోలేదని. బాపు తల ఊపి, మెట్ల దగ్గర కూర్చున్న నానమ్మ దగ్గరికి వెళ్లి ఆమె ముందు గొంతుకూర్చున్నాడు.

"జ్వరం తలకెక్కిందట అమ్మా. నువ్వు జేసేది జేసినవ్. చెమట గూడ పట్టించినవ్."

ఆ మాట ఆమెను బతికించింది. అదే మాట ఆషాఢంలో మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. అమ్మవారు తన మాట నిలుపుకుందని, పిల్లవాణ్ని తీసుకుపోవడం వేరే లెక్క అని, తన మొక్కు తీర్చక తప్పదని నానమ్మ పట్టుబట్టింది. ఇంట్లో మనిషి పోయి ఏడాది తిరగకుండా పండుగ చేయరు. ఊరి పెద్దమనుషులు ఇద్దరు వచ్చి బాపును మందలించారు.

"ఇంట్ల పిల్లగాడు పోయి నాలుగు నెల్లు గాలె. బోనమేంది మల్లేశా?"

బాపు అరుగు వైపు చూశాడు. అరుగు మీద నానమ్మ వింటోంది.

"చెమట పట్టింది గదనే. మొక్కు తీర్చాలె," అన్నాడు.

కొత్త కుండకు సున్నం, పసుపు పూసి, పచ్చన్నం నింపి, వేపమండలు కట్టి, పైన దీపం పెట్టి నానమ్మ నెత్తికెత్తుకుంది. డప్పులు పిలవలేదు. మేం నలుగురమే నడిచాం, ఇళ్ల అరుగుల మీద జనం మాటలాపి చూశారు. గుడి దగ్గర మలుపులో నానమ్మ కాలు తడబడితే బాపు ఒక చేత్తో కుండను, ఒక చేత్తో ఆమెను పట్టుకున్నాడు. అమ్మ వెనక నడుస్తూ ఏడుస్తోంది. ఆమె ముందుకు వచ్చి నిజం ఒక్క మాట చెబితే ఆ ఊరేగింపు అక్కడే ఆగిపోయేది. చెప్పలేదు. ఏ డాక్టరు మాటకంటే కూడా ఆ దారిలో బాపు వంగిన వీపే నాకు ఎక్కువ గుర్తు.

తెలంగాణ వచ్చిన ఏడు మేం ఊరు విడిచి శంషాబాద్‌లో కిరాయి ఇంట్లోకి మారాం. మల్లెతోటల్లో ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లు ఉన్నాయి. మామ పనిచేసిన ఐసు ఫ్యాక్టరీ షెడ్డులో ఇప్పుడు ప్లాస్టిక్ సంచులు తయారవుతాయి. మా ఇంటి చోట గోదాము లేచింది. ఎండాకాలం పిల్లలు నీళ్లలో కూర్చుని ఆకాశం చూడటం ఆ చుట్టుపక్కల నేనెక్కడా చూడలేదు. పత్రికలో చేరాక ఈ జబ్బు గురించి నిపుణులను అడిగి, దొరికినంత చదివాను. నుదుటి మీద తడి చెమట అయ్యుండదని వాళ్లంతా మర్యాదగా చెప్పారు.

శ్రీను బావకూ నాకూ పెళ్లి చూడాలని నానమ్మ ఇప్పటికీ అడుగుతుంది. దాపరికమెందుకు, మాకూ ఇష్టమే. ఏళ్ల తరబడి ఇద్దరం ఏదో ఒక సాకు చెబుతున్నాం. అఖిల్ రక్తం అప్పట్లో పరీక్షకు పంపలేదు, దవాఖాన కాగితంలో జబ్బు పేరు పక్కన ప్రశ్న గుర్తే ఉంది. వాడి నమూనా లేదు కాబట్టి తల్లిదండ్రులిద్దరి రక్తమూ ఉంటేనే లోపం ఎక్కడుందో, అది మా ఇద్దరిలో ఉందో లేదో గట్టిగా చెప్పగలమన్నారు డాక్టర్లు. పోయిన దీపావళి తర్వాత బాపును అడిగాను. రిపోర్టు వస్తే ఇంట్లో మాట దాగదన్నాడు.

"మా అమ్మ ఉన్నన్నొద్దులు వద్దు బిడ్డా. తర్వాత సూద్దాం."

నానమ్మకు ఎనభై ఆరేళ్లు, పొద్దున్నే లేచి తన పనులు తానే చేసుకుంటుంది. ఆమె ఆరోగ్యంగా ఉందని ఎవరైనా అంటే నాకు సంతోషమే కలుగుతుంది, ఆ వెనకే ఇంకేదో కూడా కలుగుతుంది, దానికి నేను పేరు పెట్టుకోను. బావ, నేను రక్తం ఇచ్చి వచ్చాం. ఎవరికీ చెప్పకుండా అమ్మ కూడా ఒక్కతే వెళ్లి ఇచ్చి వచ్చింది. బాపు ఇంకా ఇవ్వలేదు.