మా అన్న ఫోనుకిచ్చిన నంబరు

దెయ్యాల కబుర్లు ఎవరైనా మొదలెడితే "సాల్లే, ఆపండెహె" అని లేచిపోయే రకాన్ని నేను. నా పని ఊళ్లో ఇంటర్నెట్ కనెక్షన్లివ్వడం. వైరు తెగితే నెట్ రాదు, అతికితే వస్తుంది. నాకు తెలిసిన లోకం అంతే.

మాది ఎచ్చెర్ల అవతల, సముద్రం ఒడ్డు. ఇంట్లో వైఫై వాడే ప్రతి ఫోనుకీ రౌటర్ ఒక నంబరు ఇస్తుంది. దాన్నే ఐపీ అడ్రస్ అంటారు. ఫోను కొన్నాళ్లు రాకపోతే ఆ నంబరు ఇంకోదానికి ఇచ్చేస్తుంది. ఇది విని మా అన్న ఒప్పుకోలేదు. మా ఇంట్లో చేపల వేటకెళ్లినోడి కంచంలో ఇంకొకరికి వడ్డించరు. "ఇదీ అంతేరా, నాది ఎవడికీ ఇవ్వకు" అన్నాడు. నవ్వుకుని, ఒక నంబరు అన్న ఫోనుకే ఉండిపోయేలా పెట్టాను.

తర్వాత వేటకెళ్లిన అన్న పడవ తిరిగి రాలేదు. తోటివాళ్ల శవాలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. అన్నా దొరకలేదు, జేబులో ఉన్న ఫోనూ దొరకలేదు.

నెలలు గడిచాక ఊరిపెద్దలు దినం చేసేద్దామన్నారు. వదిన బొట్టు తియ్యనంది. "మనిషిని సూపించండి, అప్పుడు తీస్తాను" అంది.

పెద్దలు మళ్లీ వచ్చి అరుగు మీద కూర్చున్న రోజు, నేను లోపల వదిన కొత్త ఫోనుకి నెట్ పెడుతున్నాను. ఖాళీగా ఉంది కదా అని అన్న నంబరు ఇవ్వబోయాను. రౌటర్ ఇవ్వనంది. దాన్ని ఇంకో ఫోను వాడుతోందట!

ఇదేం గోలరా బాబూ అనుకుని, ఇంట్లో ఫోన్లన్నీ ఆపేశాను. టీవీ కూడా ఆపాను. నా లాప్‌టాప్‌ని రౌటర్‌కి వైరుతో తగిలించి, అన్న నంబరుని పిలిచి చూశాను. దీన్ని పింగ్ అంటారు, ఆ ఫోను మా ఇంటి వైఫైలో ఉంటేనే దానంతటదే జవాబిస్తుంది. జవాబొచ్చింది. మళ్లీ పిలిచాను, మళ్లీ వచ్చింది. ప్రతి ఫోనుకీ పుట్టుకతో ఒక గుర్తు ఉంటుంది. జవాబిచ్చినదాని గుర్తు చూశాను, అదీ అన్న ఫోనుదే.

వెనకాల వదిన. "ఏటది మరిదీ?"

"అన్న ఫోను... పిలిస్తే పలుకుతన్నాది వదినా." నోరు జారిపోయింది.

ఆవిడ ఏడవలేదు. అన్న కంచం కడిగి, అన్నం వడ్డించి, అరుగు మీదకెళ్లింది. "పలుకుతన్నాడు. మీరెళ్లండి" అంది. వాళ్లు లేచిపోయారు.

నేను మళ్లీ పిలిచేసరికి జవాబు లేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. రౌటర్ చెడిందా, నా కళ్లే మోసం చేశాయా, ఎంత ఆలోచించినా బుర్ర పనిచెయ్యట్లేదు. చెప్పి వదినకి మేలు చేశానో, ఆవిడ కొంప ముంచానో అదీ తెలీదు.

ఇప్పటికీ వదిన బొట్టు పెట్టుకునే ఉంది. రోజూ అన్న కంచంలో వడ్డించే ముందు నా వైపు చూస్తుంది.

"ఓపాలి పిలు మరిదీ" అంటుంది.

పిలుస్తాను.