మస్తాను బాబాయ్ గుండిగలో నేను పోసిన రంగు

ఇన్నేళ్లుగా నా గుండెల మీద ఒక బిర్యానీ గుండిగ కూర్చుని ఉంది. మూత కూడా తీయలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీ దగ్గరే తీస్తున్నాను.

రెండువేల నాలుగు ప్రాంతం. తెనాలిలో మా పక్కింటి అమ్మాయి నిఖా. వంట మస్తాను బాబాయ్‌ది. ఆయన బిర్యానీలో రంగు పొడి వేయడు. కుంకుమపువ్వు నానేసిన పాలు పై అన్నం మీద చల్లి మూత పెడతాడు, అంతే. ఆ పాల గ్లాసుకు నన్ను కాపలా పెట్టి నమాజుకు వెళ్లాడు.

తాగేశాను. ఒక్క గుటక రుచి చూద్దామనే. ఆ వాసన నన్ను కాశ్మీరు దాకా ఈడ్చుకెళ్లి తిరిగి తెచ్చేసరికి గ్లాసు అడుగు కనిపించింది. ఏం చేయాలి? పక్క పొయ్యి దగ్గర జిలేబీల కోసం తెచ్చిన నారింజ రంగు పొట్లం ఉంది. చిటికెడు తీసి మామూలు పాలలో కలిపాను. చిటికెడే! గ్లాసులో సూర్యుడు మునిగినట్టయింది. ఆ కాస్త పొడి అంత వెలుగును ఎక్కడ దాచుకుందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. బాబాయ్ వచ్చేలోపు నేనే చల్లి మూత పెట్టేశాను, నువ్వు నానేసిన పాలే చల్లానని చెప్పాను.

వడ్డన వేళ మూత తీస్తే పందిరంతా నోరు తెరిచింది. పెళ్లికొడుకు ముఖం మీద వేలాడే సెహ్రా పూలు పక్కకు తీసుకుని మరీ చూశాడు. వాసన లేదని ఒక్కరూ అనలేదు. కళ్లే తినేశాయి. బాబాయ్ అన్నం వంక, తన చేతుల వంక మార్చి మార్చి చూసుకున్నాడు.

"ఏంట్రా అబ్బాయ్ ఈ రంగు! ఇన్నేళ్లు వండా, నా చేత్తో ఇట్టా ఎప్పుడూ రాలా."

"నీ చెయ్యి పండింది బాబాయ్," అన్నాను.

ఆ మాటే ఆయన కొంప ముంచింది. తర్వాత బాపట్లలో పెళ్లివారు ఆ రంగే అడిగారు. రాలేదు. రేపల్లెలో కుంకుమపువ్వు రెట్టింపు వేశాడు. అన్నం పసుపు దాటలేదు సరికదా, చేదు తిరిగింది. "తెనాలి బిర్యానీ ఏదండీ?" అన్నారు ఆడపెళ్లివారు. పొడి వేసుకోవచ్చు కదా అంటారా? తన చేతిదని నమ్మినదాన్ని ఎవరైనా పొట్లంలో వెతుకుతారా? "చేతిలో అల్లా ఇచ్చిన బర్కత్ పోయిందిరా," అని గరిటె అటకెక్కించాడు. అప్పుడైనా చెప్పానా? ఊరంతటినీ నవ్వించే నోరు నాది, ఆ ఒక్కసారి పెగల్లేదు. భయమా? లేక ఆయన బతుకులోకెల్లా పెద్ద వెలుగును ఆర్పడం ఇష్టం లేకా? రెండోది గొప్పగా వినిపిస్తుంది. మొదటిదే నిజం.

ఇప్పుడు ఇంట్లోవాళ్ల కోసం పండగలకే వండుతాడు. నన్నూ పిలుస్తాడు. మూత తీయగానే కుంకుమపువ్వు వాసన వీధి చివరి దాకా వెళ్తుంది. అన్నం మీద మాత్రం అక్కడక్కడా లేత పసుపు. "ఆ రోజు రంగు వచ్చిందంటావా?" అని అడుగుతాడు. నేను తల వంచుకుని తింటాను.

అది నీ చేతి రంగు కాదు బాబాయ్. నాది.

ఇదిగో, రాసేశాను. మూత కాస్త జరిగింది. ఆవిరి పోతోంది. గుండిగ మాత్రం అక్కడే ఉంది.