చేయి చాచి కూర్చున్న పాప

2023 జూన్. రాయచోటిలో ఒక ప్రైవేటు బడిలో యూకేజీ టీచరుగా చేరాను. చిన్నపిల్లలకు చదువు చెప్పే పనిలో అప్పటికే చాలా ఏళ్ళుగా ఉన్నాను గానీ ఆ బడికి కొత్త. కొత్త టీచరు కొన్నాళ్ళు నోరు మూసుకుని ఉండాలంటారు. నాకది చేతకాలేదు.

మొదటి వారం పిల్లలకు పలకలిచ్చి, తోచింది గీయమన్నాను. అందరూ గీస్తున్నారు. లహరి అనే పాప మాత్రం బలపం పట్టుకుని, కుడిచేయి నా వైపు చాచి కూర్చుంది. గీయమ్మా అంటే ఇంకాస్త ముందుకు చాచింది. అందుకుని చూస్తే, నిద్రపోయే పిల్ల చేయిలాగా బరువంతా నా అరచేతిలో పడింది.

"పట్టుకో మిస్. నువ్వు పట్టుకుంటే వస్తాది" అంది.

బడి నడిపే కరస్పాండెంటుతో చెప్పాను. ఆయన ఫోన్ లోంచి తలెత్తలేదు. "ఆ పాపకు బుర్ర మందం మేడమ్. దసరా దాకా చూడండి, రాకపోతే ఎల్కేజీకి దించేద్దాం. వాళ్ళ నాయనకు నేనే నిదానంగా చెప్తాలే" అన్నాడు. అయిదేళ్ళ పిల్లకు అంత సులువుగా ముద్ర కొట్టేశాడు. ఆ మాట ఒకసారి ఇంటికి చేరిందంటే ఆ పిల్లకు పెళ్ళీడొచ్చినా పోదు.

నేను ఆ పాపను గమనించడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం బిగుసుకున్న క్యారియర్ మూత తనే తిప్పి తీస్తుంది. వేయించిన చెనక్కాయ గింజ మీది పొట్టును బొటనవేలు, చూపుడువేలు కలిపి వలుస్తుంది. దీన్ని మేము పిన్సర్ గ్రిప్ అంటాం, పెన్సిల్ పట్టడానికి కావలసిన పట్టు ఇదే. నాలుగు గింజలివ్వమంటే నాలుగే ఇచ్చింది. ఇంకో రెండు కలిపి ఎన్నయ్యాయంటే ఆరు అంది. బకెట్లో ఖాళీ డబ్బా తేలింది, నీళ్ళు నింపితే మునిగింది. ఎందుకు మునిగిందని అడిగితే, "లోపలికి నీళ్ళు పోయినాయి గదా, బరువైంది" అని నన్నే వింతగా చూసింది. మందబుద్ధి ఎవరిదో నాకు అర్థమైంది.

పోయినేడు ఈ పాపతో ఎలా రాయించారని ఎల్కేజీ ఆయా ఓబులమ్మను అడిగాను. ఆమె దాచలేదు.

"నలభై మంది పిల్లోళ్ళు మేడమ్. శనివారం అమ్మానాయనలు వచ్చి బుక్కులు చూస్తారు. అందుకే శుక్రవారమంతా ఒక్కొక్కరి చెయ్యి పట్టి రాయిస్తాము. సార్ చెప్పిందే. మిగతావోళ్ళు గింజుకుంటారు, చెయ్యి లాక్కుంటారు. ఈ పాప శానా నెమ్మది. ఇచ్చేస్తాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. గింజుకున్న పిల్లలు ఎలాగో రాత నేర్చుకున్నారు. చెప్పిన మాట విన్న పిల్ల మాత్రం, రాయడమంటే పెద్దవాళ్ళకు చేయి అప్పగించడమని నేర్చుకుంది. ఏడాది పాటు మనమే నేర్పి, నేర్చుకున్నందుకు బుర్ర మందమంటున్నాం. ఇంతకూ దేనికి? ఫోర్ లైన్ బుక్కు, అంటే అక్షరం కొలత తప్పకుండా నాలుగేసి గీతలు కొట్టిన పుస్తకం, అది చూసి తల్లిదండ్రులు మురిసి ఫీజు కట్టడానికి.

ఆ పూట నుంచి నా క్లాసులో ఎవరి చేయీ పట్టలేదు. ఇంటికి పిచ్చిగీతల పుస్తకాలే పోయాయి. శనివారం లహరి నాన్న వచ్చాడు. టమోటా మండీలో వ్యాపారం, మాట గట్టి.

"పోయినేడు ముత్యాల మాదిరి రాసిండె మా పాప. ఈయేడు గీతలు గీకుతాండాది. ఏం నేర్పిస్తాండారమ్మా మీరు?"

పక్కన కరస్పాండెంటు నాకు కళ్ళతోనే వద్దని చెబుతున్నాడు. నేను చెప్పేశాను. "ఆ ముత్యాలు మీ పాపవి కావండి. కావాలంటే ఇప్పుడే రాయమనండి."

ఆయన పెన్సిలిచ్చి, "రాయిమ్మా, ఒకటి రాయి" అన్నాడు. లహరి చేయి చాచింది. ఆయన కూడా, ఏమీ ఆలోచించకుండానే, ఆ చేయి పట్టుకున్నాడు.

"వదిలేయండి" అన్నాను. నా గొంతు అనుకున్నదానికంటే పెద్దగానే లేచింది.

వదిలేశాడు. పాప చేయి గాల్లో అట్లాగే ఉండిపోయింది. ఆయన కరస్పాండెంటు వైపు తిరిగాడు. "అయితే ఏడాదంతా మాకు చూపించింది ఎవరి రాతప్పా?"

"అన్ని స్కూళ్ళల్లో చేసేదే" అన్నాడు కరస్పాండెంటు.

లహరి నాన్న పాప పుస్తకం మూసేశాడు. పాపను నా క్లాసులోనే ఉంచమని మాత్రం చెప్పి పోయాడు.

పెన్సిల్ పక్కన పెట్టేశాను. ట్రేలో ఎర్రమన్ను పోసి వేలితో గీయమన్నాను. తర్వాత వరండాలోని నాపరాళ్ళ మీద తడిగుడ్డతో, ఆ తర్వాత సుద్దతో. మొదట్లో ప్రతిసారీ చేయి చాచేది. నేను నా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేదాన్ని. అది ఎంత కష్టమో చెప్పలేను. ఒకరోజు ఏడ్చింది కూడా. వినాయకచవితి నాటికి రాళ్ళ మీద నిలువుగీతలొచ్చాయి, తర్వాత సున్నాలు.

దసరా సెలవులకు ముందు పుస్తకం తెరిచి, నాలుగు గీతలనూ లెక్కచేయకుండా పేజీ అంతా పట్టేలా అయిదు వేసింది. తిరగబడిన అయిదు. ఈ వయసులో అంకె తిరగబడటం మామూలే, కొన్నాళ్ళకు అదే సర్దుకుంటుంది. కరస్పాండెంటు రౌండ్సుకు వచ్చి చూశాడు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, "తప్పమ్మా, ఇట్ల రాయాల" అంటూ అలవాటుగా పాప చేయి అందుకోబోయాడు.

లహరి చేయి లాక్కుంది. పుస్తకం మీద బోర్లా పడుకుని, "దిద్దాకు సార్. నేను రాసింది" అంది.

"మొండిది" అన్నాడాయన నాతో.

అంతకంటే మంచి మాట ఆ బడిలో నేను వినలేదు. ఆ ఏడాది చివర అక్కడ మానేశాను. ఓబులమ్మ ఇంకా శుక్రవారాలు చేతులు పట్టి రాయిస్తూనే ఉందని విన్నాను, నా కోపమూ అట్లాగే ఉంది. ఇప్పుడు నా క్లాసులో రాయడం రాని పిల్ల పక్కన కూర్చుంటే, కాగితం జారకుండా ఒక మూల వేలితో నొక్కి పట్టుకుంటాను. టీచరు పట్టుకోవలసింది అంతవరకే.